గండశిలుడి కోటలో ఎదురాట

కలధౌతపురి ఆస్థాన కవులు ఈ ఘట్టాన్ని వర్ణిస్తూ, నేను మాంత్రికుడు గండశిలుడి కోటలోకి మృగరాజులా అడుగుపెట్టానని రాశారు. జీతం తీసుకుని రాసేవాళ్ళు గనక వాళ్ళని తప్పుపట్టను. ఉన్నమాట చెప్పాలంటే, గడప దాటేటప్పుడు నడుముకి వేలాడుతున్న కత్తి ఒర కాళ్ళకి అడ్డంపడి బోర్లా పడ్డాను. నెత్తి మీది కిరీటం దొర్లుకుంటూ వెళ్ళి ఒక రాతి మనిషి పాదాల దగ్గర ఆగింది.

ఆ కిరీటం నాది కాదు. నా పేరు తిప్పన్న. ఊరూరా తిరిగి పగటివేషాలు వేసుకు బతికేవాణ్ని. కిరీటం అసలు సొంతదారు నా వెనకాల, నా చిరుగుల అంగీ తొడుక్కుని, నా మద్దెల భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఆయన కలధౌతపురి యువరాజు ఉదయార్కుడు. రాజ్యానికి నీళ్ళిచ్చే శ్వేతవాహిని నది ఉన్నట్టుండి ఎండిపోయింది. నది పుట్టిన కొండకి దారి ఈ కోట గుండానే ఉంది. దారిలో శత్రువులు పొంచి ఉంటారనీ, బాణమంటూ తగిలితే అది నాకు తగలడమే రాజ్యానికి క్షేమమనీ మంత్రిగారు ఆలోచించి, మా ఇద్దరి బట్టలూ మార్పించారు. మంత్రిగారి దూరదృష్టిని సభలో అందరూ మెచ్చుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నా వేషానికి వంక పెట్టగలిగినవాడు లేడు. యువరాజుకి సేవకుడి వేషం కట్టడం మాత్రం నా వల్ల కాలేదు. వంగమంటే వంగడు. "చిత్తం దొరా" అనమంటే "అటులనే కానిమ్ము" అంటాడు. మద్దెల కూడా డాలు పట్టినట్టే పట్టుకుంటాడు. పోతుగాడని పేరు పెట్టి, నలుగురి ఎదుటా "ఒరే పోతుగా" అని పిలవడం ఒక్కటే ఈ ప్రయాణంలో నాకు దక్కిన సుఖం.

ఇక ఆ మండపం సంగతి. పచ్చలు తాపడం చేసిన సోపానాలు, నల్లరాతి స్తంభాలను చుట్టుకుని పైదాకా పాకిన బంగారు లతలు, ఆ లతల్లో కెంపుల కళ్ళతో కునికిపాట్లు పడే వెండి చిలుకలు, కప్పు నడుమ స్ఫటికపు గవాక్షం, అందులోంచి జారి నేలంతా రంగురంగులుగా పరుచుకున్న మధ్యాహ్నపు ఎండ. ఇంత అందం మధ్యన వరసలు వరసలుగా రాతి మనుషులు. సేనాపతులు, వర్తకులు, సన్యాసులు, తలపాగా చుట్టిన పెళ్ళికొడుకు ఒకడు. అందరి ముఖాల్లోనూ ఒకటే భావం. ఇంకాస్త మంచిది వస్తుందేమో చూద్దామని కూర్చున్నవాడి ముఖం ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. ఆ భావం నా ముఖానికి ఎంత బాగా అతుకుతుందో అప్పటికి నాకు తెలియదు.

"రావయ్యా యువరాజా! కిరీటం దొరికిందా?" అన్నాడొకాయన మండపం చివరినుంచి.

అతనే గండశిలుడు. మాంత్రికుడంటే జడలూ కపాలాలూ ఉంటాయనుకున్నాను. ఇతను సన్నగా, శుభ్రంగా, పట్టుధోవతి కట్టుకుని, వియ్యంకుడి ఇంటికి వచ్చినవాడిలా పీట మీద కూర్చున్నాడు. ఎదుట చందనపు బల్ల. దాని మీద గుండ్రటి దంతపు ముక్కల దొంతర ఉంది. వాటి మీద రకరకాల రంగుల్లో రాజులు, ఏనుగులు, గుర్రాలు, బంట్లు చిత్రించి ఉన్నాయి.

"కొండకి దారి కావాలంటే నాతో ఎదురాట ఆడాలి," అన్నాడు. "ఇద్దరే ఆడే ఆట. మూడేసి ముక్కలు. మూడూ ఒకటే అయితే అన్నిటికన్నా గొప్ప. తర్వాత ఒకే రంగు జత. జత కూడా లేకపోతే పెద్ద ముక్క ఎవరిదైతే వాడిది. రాజు, ఏనుగు, గుర్రం, బంటు, జతలకీ అదే వరస. పందెం బంగారం కాదు, ఒళ్ళు. పంచినప్పుడల్లా ఇద్దరూ బెత్తెడు ఒడ్డాలి. ఆపైన ఇష్టమైతే పెంచుకోవచ్చు, భయమైతే ముక్కలు పడేయవచ్చు. పోగొట్టుకున్నంత మేరా పాదాల నుంచి పైకి రాయవుతుంది. గెలుచుకుంటే అంత మేరా రాయి దిగిపోతుంది. ధైర్యముంటే ఎప్పుడైనా 'నిండు' అనవచ్చు. ఎదుటివాడు సరేనంటే, అప్పటికి ఎంత రాయైనా, ఒళ్ళంతటికీ ఒళ్ళంతా పందెం. వంతులవారీగా పంచుతాం. పంచినవాడిదే చివరి మాట. నా తరఫున నా ఒళ్ళే ఒడ్డుతున్నాను. మరి తమరు?"

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. వేషం కట్టినవాణ్ని ఏదైనా అడిగితే జవాబు వాడు చెప్పడు, వేషం చెబుతుంది. ఒకసారి నేను పోలీసుపటేలు వేషంలో ఉండగా నా సొంత అత్తగారు ఎదురైతే, పన్ను కట్టలేదని గద్దించి పంపాను. అందుచేత గండశిలుడు అడిగీ అడగ్గానే నా మీసం దానంతటదే మెలి తిరిగింది.

"రాజు ఒళ్ళు పందెంలో ఒడ్డడమా! మా వంశంలో ఆ ఆచారం లేదు. మా బదులు మా సేవకుడు జామీను నిలబడతాడు. ఒరే పోతుగా, రారా ముందుకి!"

గొంతు, చెయ్యి విసురు, కనుబొమ ఎగరేయడం, అన్నీ ఎక్కడివక్కడ చక్కగా కుదిరాయి. వన్స్‌మోర్ కొట్టించుకోదగ్గ ఘట్టం. ముందుకి వచ్చిన మనిషిని చూసేదాకా నేనేమన్నానో నాకే తెలియలేదు.

యువరాజు నా చెవి దగ్గరికి వంగాడు. జీవితంలో మొదటిసారి వంగాడు. "నువ్వు బతికి బయటపడితే నిన్ను నేనే చంపుతాను," అన్నాడు మెల్లగా.

"సేవకుణ్నే నిలబెడతారా? మంచిది, చాలా మంచిది," అని గండశిలుడు నవ్వాడు. ఆ నవ్వులో ఏదో ఉందని నాకు తోచింది గాని, నా తెలివితక్కువకే నవ్వాడని సరిపెట్టుకున్నాను. "ఒళ్ళు పెట్టేది వాడు గనక నీ ముక్కలు వాడికి కనబడేలా పట్టుకోవాలి. అది న్యాయం. వాడితో ముక్కల సంగతి మాట్లాడకూడదు. అది ఆట."

యువరాజు నా వెనక ఒక నల్లరాతి పలక మీద నిలబడ్డాడు. ఆట మొదలైంది.

నాకు ముక్కలాట కొత్తేమీ కాదు. వానాకాలంలో వేషాలు సాగవు గనక సత్రాల్లో కూర్చుని ఆడేవాణ్ని. అక్కడ బంతికి ఎనిమిదిమంది. ఎనిమిదిమందిలో ఎవడో ఒకడికి జత పడక మానదు. కాబట్టి చెత్త వస్తే పడేయడం, ఓపిగ్గా కూర్చోవడం, మంచి ముక్కలు వచ్చినప్పుడు మాత్రం గొంతు సవరించుకోవడం నా పద్ధతి. ఆ ఓపికకి సత్రాల్లో నాకు మంచి పేరే ఉండేది. ఆ పేరుని గండశిలుడి ముందు నిలబెట్టుకోవాలనుకున్నాను.

మొదట వచ్చినవి గుర్రం, బంటు, ఇంకో రంగు ఏనుగు. పడేశాను. వెనకాల కరకరమని చిన్న చప్పుడైంది. మళ్ళీ చెత్తే వచ్చింది. పడేశాను. మళ్ళీ చప్పుడు. ఒకసారి ఒంటరి రాజు వచ్చాడు. జత లేదు గదా అని అదీ పడేశాను. గండశిలుడు ఏమీ పెంచకుండానే, ఏమీ చూపకుండానే, తమలపాకులు చుట్టుకుంటూ గెలుస్తున్నాడు.

"ఎందుకు పడేస్తున్నావు?" అన్నాడు యువరాజు పళ్ళ బిగువున.

"ఓపిక పట్టు పోతుగా. మంచిరోజులు వస్తాయి."

"అవి వచ్చేలోగా నన్ను గుడి మెట్టుకి వేసుకుంటారు. మోకాళ్ళు పోయాయి."

తిరిగి చూశాను. నిజంగానే పోయాయి. ఉదయం గుర్రం ఎక్కి దిగిన కాళ్ళు మోకాళ్ళదాకా బూడిదరంగు రాయి. ఓపిక పట్టేది నేనూ, రాయయ్యేది ఆయనా. ఇంత సుఖమైన ఓపిక లోకంలో ఇంకెవరికైనా ఉంటుందా?

అప్పుడు ఈ మొద్దుబుర్రలో దీపం వెలిగింది. నా ఎదుట ఎనిమిదిమంది లేరు. ఒక్కడే ఉన్నాడు. నాకు చెత్త వచ్చినంత తరచుగా అతనికీ చెత్తే వస్తుంది. సత్రంలో చెల్లని ఒంటి ఏనుగు ఇక్కడ పట్టపుటేనుగు. మంచి ముక్కల కోసం కూర్చున్నవాణ్ని పంచుడు పందెమే బెత్తెడు బెత్తెడుగా తినేస్తుంది. మండపం నిండా ఉన్న రాతి మనుషులంతా అలా కూర్చున్నవాళ్ళే. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక యువరాజు మోకాళ్ళు ఖర్చయ్యాయి.

ఇక దూకాను. ఏనుగు వస్తే పెంచాను. గుర్రం వచ్చినా పెంచాను. ముఖ్యంగా నేను పంచిన చేతుల్లో చెలరేగాను. చివరి మాట నాదైతే అతను ముందే నోరు విప్పాలి. విప్పితే ధైర్యమెంతో తెలుస్తుంది. అతను తడబడితే నేను గద్దించేవాణ్ని. అతను గద్దిస్తే నేను మర్యాదగా తప్పుకునేవాణ్ని. అతను పంచినప్పుడు మాత్రం నోరు అదుపులో పెట్టుకున్నాను. యువరాజు మోకాళ్ళు తిరిగి మోకాళ్ళయ్యాయి. గండశిలుడి పట్టుధోవతి అంచు కింద బూడిదరంగు పాకింది. తమలపాకుల పళ్ళెం పక్కకి జరిపాడు. వెండి చిలుకల్లో ఒకటి కళ్ళు తెరిచి మా వైపు చూసింది.

ఆ ఊపులో ఒక పెద్ద చెయ్యి వచ్చింది. పెద్ద చెయ్యంటే పందెం పెద్దది, ముక్కలు కాదు. నా దగ్గర ఉన్నది గుర్రం, రంగు కలవని రెండు బంట్లు. పెంచాను, అతనూ పెంచాడు. మళ్ళీ పెంచాను, మళ్ళీ పెంచాడు. బల్ల మీద ఒక్కొక్కరిదీ నడుం దాకా ఒళ్ళు ఉంది. నేను కిరీటం సవరించుకుని, కాలు మీద కాలు వేసుకుని, పక్కవీధికి వినబడేలా "నిండు!" అన్నాను.

గండశిలుడి ముఖాన చెమట పట్టింది. ముక్కలు చూసుకున్నాడు, నన్ను చూశాడు. నిట్టూర్చి పడేశాడు. అతను పడేసినవి వెల్లకిలా తిరిగితే చూశాను, ఏనుగుల జత! నడుం దాకా రాయైపోయాడు.

అంతటితో నోరు మూసుకుని కూర్చోవలసింది. కూర్చుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేనేం చేశానంటే, లేచి నిలబడి, నా చెత్త ముక్కలు మూడూ బల్ల మీద పరిచి, రెండు చేతులూ జోడించి, "దొరవారికి దండాలు! ఇదంతా వేషమే, నిజం కాదు!" అన్నాను.

ఎందుకంటే మేమలాగే చేస్తాం. ఒక ఊళ్ళో వరసగా వేషాలు వేసి, ఆఖరి రోజున అసలు రూపంలో ఇంటింటికీ వెళ్ళి, మిమ్మల్ని భయపెట్టిన అమీను నేనే, మీరు కాళ్ళు కడిగిన స్వామి నేనే అని ఒప్పుకుని, దండం పెట్టి, ఇనాం పుచ్చుకుంటాం. వేషం దాచుకున్నవాడు ఆకలితో చస్తాడు. మా తాతల నుంచీ వచ్చిన అలవాటు. నాకు తెలియకుండానే చేతులు లేచాయి.

వెనక యువరాజు మూలిగాడు. గండశిలుడు బల్ల మీది ముక్కల్ని చూసి, నన్ను చూసి, మండపం దద్దరిల్లేలా నవ్వాడు.

"ఇనాం ఇస్తాను, ఉండు," అన్నాడు.

ఇచ్చాడు. ఆ తర్వాత నేను ఎంత గద్దించినా బెదరలేదు. ఉత్త చేతులతో పెంచితే సరేనన్నాడు, గెలుచుకున్నాడు. రాయి అతని నడుం దిగి, మోకాళ్ళు దిగి, పాదాలు కూడా వదిలేసింది. యువరాజుకి మోకాళ్ళు ఎక్కి, నడుం ఎక్కి, ఛాతీకి వచ్చింది. పోనీ నన్ను అబద్ధాలకోరు అనుకున్నాడు గదా, ఇక నిజమే ఆడదామని, మంచి ముక్కలు వచ్చినప్పుడే పెంచాను. అప్పుడు పడేశాడు! రాజుల జతతో పెంచితే ఆవులిస్తూ పడేశాడు. బంట్లతో పెంచితే ఉత్సాహంగా ముందుకి జరిగాడు.

అద్దాలేమైనా ఉన్నాయేమోనని కప్పు చూశాను. చిలుకలేమైనా చెబుతున్నాయేమోనని వాటినీ అనుమానించాను. నా ముఖంలో ఏమైనా తెలుస్తోందా? వీల్లేదు. శవం వేషం వేసి చీమ కుట్టినా కదలని ముఖం ఇది. అలా ఆలోచిస్తూ గండశిలుడి చూపు ఎటు పోతోందా అని గమనిస్తే, అతను నన్నసలు చూడడమే లేదు. ఇందాక యువరాజు మూలిగినప్పటి నుంచీ కాబోలు, నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

నేనూ తిరిగి చూశాను. చేతిలో ఏనుగుల జత ఉంది. యువరాజు ముఖమంతా చిరునవ్వు. తర్వాతి చేతికి చెత్త వచ్చింది. యువరాజు గుటక వేశాడు. పుట్టిన దగ్గర్నుంచీ దేనికీ అబద్ధం ఆడే అవసరం లేకుండా పెరిగిన ముఖం అది. గోడ మీద రాసిపెట్టినట్టు అన్నీ కనబడుతున్నాయి. జామీనుకి ముక్కలు చూపించాలన్న న్యాయం ఏ న్యాయమో అప్పుడు బోధపడింది. ఇన్నేళ్ళు సాధన చేసిన నా ముఖాన్ని అవతలివాడు పట్టించుకోవడమే మానేశాడని తెలిసినప్పుడు, నిజం చెబుతున్నాను, ప్రాణభయం కన్నా అదే ఎక్కువ బాధించింది.

ముక్కలు దాచకూడదు. ఆయనతో చెప్పకూడదు. ఆయన ముఖాన్ని మార్చడం నా తరం కాదని దారి పొడుగునా చూశాను. ఆ ముఖం మాట్లాడకుండా ఉండాలంటే దారి ఒక్కటే ఉంది.

ముక్కలు పంచారు. చూడకుండా పడేశాను. రాయి యువరాజు భుజాలకి వచ్చింది.

మళ్ళీ పంచారు. జత వచ్చింది. పడేశాను. మెడకి వచ్చింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు యువరాజు. గొంతు బొంగురుపోయింది. "తిప్... ప్రభూ! ఏం చేస్తున్నావు?"

మళ్ళీ పంచారు. మూడు గుర్రాలు! సత్రాల్లో నా జన్మంతా ఎదురుచూసి ఒక్కసారి కూడా చూడని చెయ్యి. యువరాజు ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది. గండశిలుడికీ వినబడింది. అప్పుడే ముక్కలు పడేయడానికి చెయ్యి ఎత్తాడు. నేను అతనికన్నా ముందే పడేశాను. యువరాజు "ద్రోహీ!" అని అరవబోయాడు. ఆ మాట సగంలో పెదవుల మీద రాయి మూసుకుంది.

గండశిలుడు అయోమయంగా నన్ను చూశాడు. నేను కిరీటం తీసి తుడుచుకున్నాను. ఓడిపోయి అలిసిపోయినవాడి ముఖం పెట్టాలనుకున్నాను గాని, పెట్టనక్కర్లేకపోయింది. మళ్ళీ పడేశాను. బుగ్గలు పోయాయి, ముక్కు పోయింది. ఇక కళ్ళు మిగిలాయి. ఆ కళ్ళలో నీళ్ళూ, నన్ను నమిలి మింగాలన్నంత కోపమూ తప్ప మూడోది లేదు. ముక్కలు ఏవి వచ్చినా ఆ కోపం ఇక మారదు. నాకు కావలసింది అదే. నాకు అదే కావలసి వచ్చినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇంకొక్క బెత్తెడు మిగిలింది. పంచే వంతు నాది. పంచాను. నా మూడూ తీసుకుని చూశాను. గుర్రాల జత, పక్కన ఒక బంటు. ఇందాక మూడు గుర్రాలు పారేసినవాడికి ఇప్పుడు రెండు దక్కాయి. సత్రంలో అయితే ఈ జతని నమ్ముకుని చుట్ట ముక్క కూడా ఒడ్డేవాణ్ని కాదు. ఎదురాటలో ఇది చిన్న చెయ్యి కాదని అనుకున్నాను, అనుకుని తీరాలి గనక.

గండశిలుడు ముందు మాట్లాడాలి. ఇంతసేపూ నేను పడేస్తూనే ఉన్నాను గనక అతనికి చూసుకునే ఓపిక కూడా పోయింది. "జానెడు," అని పెంచాడు, అంత ఒళ్ళు మిగిలిందో లేదో కూడా చూడకుండా.

"నిండు," అన్నాను.

గండశిలుడు ఠక్కున తలెత్తాడు. అలవాటుగా నా వెనక్కి చూశాడు. అక్కడ రెండు కళ్ళు నా వీపుని కాలుస్తున్నాయి. ఆ కళ్ళలో ముక్కల ఊసే లేదు. చాలాసేపు వెతికాడు. చివరికి గతిలేక, నేను దండం పెట్టాక మొదటిసారిగా, నా ముఖం వైపు పరీక్షగా చూశాడు.

నేను అందుకోసమే కాచుకుని ఉన్నాను. మంచి ముక్కలున్నవాడి ముఖం పెట్టలేదు. ఏమీ లేని ముఖం కూడా పెట్టలేదు. చేతిలో ఏమీ లేక, ఉన్నట్టు నటిస్తూ, ఆ నటన బయటపడుతుందేమోనని లోలోపల చస్తున్నవాడి ముఖం పెట్టాను. కాలు మీద కాలు వేసుకున్నాను, కిరీటం సవరించుకున్నాను, ఇందాకటికన్నా కాస్త ఎక్కువ గట్టిగా నవ్వాను. కంటి కొస దగ్గర ఒక్క నరం అదిరించాను. అది మా నాన్న నేర్పిన విద్య. నేర్చుకోవడానికి ఒక ఏడాది పట్టింది, ఆ ఏడాదంతా నాకు కన్నుజబ్బని ఊరంతా అనుకున్నారు.

"మళ్ళీ అదే వేషమా యువరాజా!" అన్నాడు గండశిలుడు, జాలిగా. "ఒక్క ఊళ్ళో ఒకే వేషం రెండుసార్లు కట్టరాదని తెలియదా? సరే. నిండు."

ముక్కలు తిప్పాడు. ఒక రాజు, బంట్ల జత. నేను నా గుర్రాలను ఒక్కొక్కటిగా పెట్టాను. రెండోది పెట్టేటప్పుడు బల్ల కనబడలేదు నాకు. కళ్ళలో నీళ్ళు నిండిపోయాయి.

గండశిలుడు లేవబోయాడు. అప్పటికే పాదాలు లేవు. రాయి పట్టుధోవతిని, ఉత్తరీయాన్ని, జంధ్యాన్ని మింగుతూ పైకి పరుగెత్తింది. "సేవకుణ్ని నిలబెట్టావుగా," అన్నాడు, ఇంకా నవ్వుతూనే. "కొండదారి ద్వారం దగ్గర తెలుస్తుంది." ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది.

వెనకాల రాయి పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడింది. యువరాజు పలక దిగి తూలుతూ వచ్చి, ముందు నా చెంప ఛెళ్ళుమనిపించాడు. తర్వాత ఆ చెంపనే రెండు చేతులా పట్టుకుని నా నుదుటికి నుదురు ఆనించాడు.

"మూడు గుర్రాలు పడేశావు," అన్నాడు.

"తమరి ముఖం పోవాలి దొరా. తమరి ముఖం అంత మంచిది."

"నన్ను అమ్ముకున్నావనుకున్నాను. చచ్చేముందు ఆఖరిసారి తలచుకున్నది నిన్ను తిట్టడానికి. అది తలచుకుంటే..." ఆ మాట పూర్తి చేయలేక ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇలాంటి ఘట్టాల్లో ఏడవకూడదని నాకు తెలుసు. రంగు కారిపోతుంది.

అంతలో కొమ్ములు మోగాయి. మండపం నాలుగు వైపులా తలుపులు తెరుచుకుని కోట భటులు బారులు తీరి వచ్చారు. ముందు వాళ్ళ నాయకుడు దళవాయి ఉన్నాడు. తుమ్మమొద్దులాంటి మనిషి, చేతిలో వెడల్పాటి ఖడ్గం. నేను చచ్చాననుకున్నాను. అతను నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"జయము జయము ఏలికా! ఎదురాటలో గెలిచినవారే ఈ కోటకు ప్రభువులు. శ్వేతవాహినిని బంధించిన తూమూ, కొండదారీ అదిగో, ఆ మూసిన ద్వారం అవతలే ఉన్నాయి. అనుజ్ఞ ఇస్తే తెరిపిస్తాను."

"తెరువు!" అన్నాను. ఇంత సులువుగా పని అవుతున్నందుకు నాకు అనుమానం రావలసింది. రాలేదు.

"చిత్తం," అని దళవాయి లేచి, యువరాజు భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరు భటులు ఆయన చేతులు వెనక్కి విరిచి పట్టుకుని మోకాళ్ళ మీద కూలేశారు. "గెలిచిన ఏలిక తన ఒళ్ళే ఒడ్డి ఉంటే ద్వారం దానంతటదే తెరుచుకునేది. జామీను నిలబెట్టారు గనక, జామీను నిలిచిన సేవకుడి నెత్తురు గడప మీద పడాలి. అది ఈ కోట కట్టడి. వీడి అదృష్టం ఏలికా, ఒక్క వేటుకే పోతాడు."

ఈసారి వేషం జవాబు చెప్పలేదు. దానికీ ఏం చెప్పాలో తెలియలేదు. ఇక నాకు నేనే మిగిలాను. కిరీటం తీసి నేల మీద పెట్టాను. మీసం పీకేశాను, జిగురుతో పాటు కాస్త చర్మం కూడా వచ్చింది. ఉత్తరీయంతో ముఖం మీది రంగు తుడిచేశాను.

"ఆయన సేవకుడు కాదు," అన్నాను. "ఆయనే యువరాజు. నేను తిప్పన్నని, పగటివేషగాణ్ని, ఆయన ఉప్పు తింటున్నవాణ్ని. ఇక్కడ సేవకుడంటూ ఉంటే అది నేనే. మీ గడపకి కావలసిన నెత్తురు ఇదిగో." వెళ్ళి యువరాజు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెడ వంచాను.

దళవాయి ఖడ్గం దించాడు. భటులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నా చెదిరిన రంగునీ, పీకిన మీసాన్నీ దళవాయి పరిశీలనగా చూశాడు. నమ్ముతున్నాడని తెలుస్తూనే ఉంది. నాకు భయం వేసింది, ఆ భయం పక్కనే ఎందుకో కాస్త గర్వంగా కూడా ఉంది.

అప్పుడు నా పక్కనుంచి ఒక గొంతు లేచింది. ఆ గొంతు ఎవరిదో మొదట నాకే తెలియలేదు.

"బాబయ్యా, ఆయన మాట నమ్మకండయ్యా! మాయదారి దొర, తిండి పెట్టిన సేతులయ్యా అయి. నా మీద జాలికొద్దీ అట్టా అంటన్నాడు. మద్దెల మోసేవోణ్ని బాబూ, పోతుగాడంటారు నన్ను. రాజుల యవ్వారం నాకేం తెలుస్తాదయ్యా?"

ఉదయార్కుడు భటుల పట్టు వదిలించుకుని దళవాయి కాళ్ళ మీద పడి ఉన్నాడు. వీపు నిండా వంగింది, భుజాలు ముడుచుకున్నాయి, నుదురు దుమ్ములో ఆనింది. దారి పొడుగునా నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా ఒక్క మాట సరిగా పలకని మనిషి ఒక్క తప్పు లేకుండా పలుకుతున్నాడు. నేను ఎంత అరిచినా ఇక ఎవరూ నా వైపు చూడలేదు. భటులు నన్ను మర్యాదగా, రాజుని పట్టుకున్నట్టే పట్టుకుని వెనక్కి లాగారు. వాళ్ళలో ఒకడు దయగల ప్రభువు అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇన్నేళ్ళ వృత్తిలో అంత గొప్ప వేషం నేను చూడలేదు. దళవాయి అంతా నమ్మి, ఆయన మెడ మీదికి ఖడ్గం ఎత్తాడు.